నాంపల్లిలో లాంపు రూము

మా బాపు గోదావరిఖనిలో ఒక బాయి మీద లాంపు రూములో పనిచేసేవాడు. బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటారు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ ముందు లాంపు రూము కిటికీ దగ్గరికి వచ్చి, తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి. షిఫ్టు అయిపోయి పైకి వచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ వాపసు తీసుకోవాలి. బిళ్ళ మేకుకు వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. ఇంతే సంగతి. చాలా మంచి పద్ధతి. బాపు దాన్ని బాయి దగ్గరే వదిలేసి ఇంటికి వచ్చి ఉంటే మేమందరం సుఖపడేవాళ్ళం.

వదల్లేదు. మా కంపెనీ క్వార్టరు తలుపు వెనక ఒక చెక్క, చెక్కకు మేకులు. నూనె డబ్బా రేకును గుండ్రంగా కత్తిరించి, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బిళ్ళ చేశాడు. బయటికి పోయేటప్పుడు బిళ్ళను మేకుకు తగిలించాలి, తిరిగి వచ్చాక తీసి గూట్లో వెయ్యాలి. అవ్వ, అంటే మా అమ్మ, నల్లా దగ్గరికి బిందె తీసుకుని పోయినా తగిలించాల్సిందే. నల్లా మా వాకిట్లో నుంచి కనబడేది. "ఈడికెల్లి నేను నీకు అవుపడుతున్న కదా!" అని అవ్వ అక్కడి నుంచే అరిచేది. "అవుపడుడు వేరు, బిళ్ళ వేరు," అని బాపు ఇక్కడి నుంచి అరిచేవాడు. మా అక్క పెళ్ళయ్యాక బావ మొదటిసారి ఇంటికి వస్తే, కొత్త బట్టలు పెట్టి, వాటి మీద ఒక కొత్త బిళ్ళ కూడా పెట్టాడు. పాపం బావ అది ఏదో తాయెత్తు అనుకుని మెడలో కట్టుకున్నాడు.

దీనికి ఒక కారణం ఉంది. నేను చిన్నగా ఉన్నప్పుడు, సెకండ్ షిఫ్టు మనిషి ఒకాయన పైకి వచ్చి, దీపాన్ని ఎవరి చేతికో ఇచ్చి, బిళ్ళ తీసుకోవడం మరిచిపోయి, నేరుగా కల్లు మండువాకు పోయి అక్కడే నిద్రపోయాడు. మేకు మీద బిళ్ళ, కింద మనిషి లేడు. తెల్లారేదాకా వెతుకులాట. బాపు ఆ బిళ్ళనే చూస్తూ కిటికీ దగ్గర నిలబడ్డాడట. పొద్దున ఆ మహానుభావుడు ఒళ్ళు విరుచుకుంటూ వస్తే, బాపు ఎగిరి ఆయన చెంప మీద ఒకటి కొట్టి, ఆ వెంటనే ఆయన్ని కావలించుకుని ఏడ్చాడట. అవ్వ చెప్పిన మాట ఇది. అప్పటి నుంచే మా తలుపు వెనక మేకులు మొలిచాయి.

ఎనభైల చివర నేను ఇంటర్ పాసై హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతానని పట్టుబట్టాను. సీటు వచ్చింది, హాస్టల్ కూడా దొరికింది. బాపు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న దగ్గర కూలబడిపోయాడు.

"పట్నానికి లాంపు రూము ఏడున్నది బిడ్డా? నువ్వు లోపట ఉన్నవో బయట ఉన్నవో ఎవలు చూస్తరు?"

నేను అన్నం మానేశాను. అంటే మా ఇంట్లో మానేశాను, పక్కింట్లో తిన్నాను. అలిగి పక్కింటికి పోయేటప్పుడు కూడా చేతులు వాటంతట అవే పోయి బిళ్ళను మేకుకు తగిలించేవి. అలవాటు అంత చెడ్డది. చివరికి అవ్వే మధ్యలో పడింది. "ఒక్క దినం పట్నం తీస్కపో. ఒక్కదాన్నే ఇడిసిపెట్టు. పొద్దుమీకే లోపట సక్కగ తిరిగొస్తే సదివించు, రాకపోతే ఇంట్ల కూసోపెట్టు," అంది. బాపు ఒప్పుకున్నాడు. నా చదువు మొత్తం ఒక్క రోజు నడక మీద పడింది.

రాత్రి బండి ఎక్కి పొద్దున్నే నాంపల్లిలో దిగాం. బాపు ప్లాట్‌ఫారం అంతా రెండు సార్లు తిరిగి, గోడకు ఆనుకుని ఉన్న ఒక బెంచీ ఎంచుకున్నాడు. గొడుగును బెంచీ చేతికి కట్టాడు. గొడుగు కొక్కేనికి, ఇంటి నుంచి తెచ్చిన నా రేకు బిళ్ళను తగిలించాడు. తర్వాత సంచిలో చెయ్యి పెట్టి, మూరెడు పొడుగున్న టార్చిలైటు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇదెందుకు బాపూ? తెల్లారింది కదా."

"దీపం లేకుంట ఎవలన్న దిగుతరా?"

"నేను చార్మినార్ కాడికి పోతున్న. బాయిలకు కాదు."

"ఏడికైతె ఏంది? దీపం తెచ్చి నాకియ్యాలె, బిళ్ళ తీస్కోవాలె. సెకండ్ షిఫ్టు సైరన్ మోగే టైముకు, నాలుగింటికి, ఇక్కడుండాలె. నడిచే పోవాలె. కప్పు చూస్కోని నడువు."

కప్పు అంటే బాయిలో తల మీద ఉండే రాతి పైకప్పు. బాపు కూడా కాలు దెబ్బతిని లాంపు రూముకు మారక ముందు కింద పనిచేసినవాడే. కప్పు కింద కూర్చునే ముందు దాన్ని కర్రతో కొట్టి చూడాలి, గట్టి శబ్దం వస్తే కూర్చోవాలి, బోలు శబ్దం వస్తే లేచి పోవాలి అని మాకు అన్నప్రాశన నాటి నుంచీ చెబుతున్నాడు. మేము ఏ చుట్టాలింటికి పోయినా ముందు గోడ తట్టి చూసేవాళ్ళం. చుట్టాలు మమ్మల్ని ఎక్కువగా పిలిచేవారు కాదు.

అలా నేను మంచి ఎండలో, చేతిలో టార్చిలైటుతో హైదరాబాద్ చూడడానికి బయలుదేరాను. సంచిలో పెట్టుకుందామంటే సంచి బాపు దగ్గరే ఉండిపోయింది. చున్నీలో చుడితే ఏదో దాచినట్టు మరీ అనుమానంగా కనిపించింది. చివరికి బాహాటంగానే పట్టుకున్నాను. ఆబిడ్స్ చేరేలోపే ఒక అరటిపండ్లాయన, "ఏం పోయింది చెల్లె, నేను గూడ దేవులాడాల్నా?" అన్నాడు. ఇంకొకాయన ఆకాశం వైపు చూపించి, "సూర్యుడు అటున్నడు," అని దారి చెప్పాడు. పట్నం వాళ్ళకు పనేం ఉండదని మా వాడకట్టులో అనేవారు, నిజమే.

కాళ్ళు నొప్పి పుట్టి ఒక దుకాణం ముందరి రాతి అరుగు మీద కూర్చుందామనుకున్నాను. మా ఊర్లో ఎక్కడ కూర్చోవాలన్నా ముందు అరచేత్తో తుడిచి, చెయ్యి ఎంత నల్లగైందో చూసి కూర్చుంటాం. బొగ్గు పొడి పడని అరుగు మా దగ్గర లేదు. తుడిచాను. చెయ్యి చూసుకున్నాను. తెల్లగా ఉంది. నమ్మకం కలగక ఇంకోచోట తుడిచాను. అక్కడా తెల్లగానే ఉంది. అరుగంతా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తుడిచేసరికి దుకాణమాయన బయటికి వచ్చి చాలా సంతోషించాడు. "రోజూ వస్తవా?" అని అడిగాడు.

కోఠి దగ్గర ఒకడు నా వెనకాల పడ్డాడు. నేను ఆగితే ఆగడం, నడిస్తే నడవడం. నాకు భయమేసింది, భయం కంటే ఎక్కువ కోపం వచ్చింది. గిరుక్కున తిరిగి, టార్చి వెలిగించి వాడి ముఖం మీద పెట్టాను. ఆ ఎండలో ఆ వెలుగు కనబడిందో లేదో దేవుడికే తెలియాలి. కానీ పట్టపగలు తన ముఖం మీద టార్చి వేసి చూసే పిల్లతో పెట్టుకోకూడదని వాడికి అర్థమైంది. ఎదురుగా ఉన్న గాజుల దుకాణంలోకి దూరిపోయాడు. ఆడవాళ్ళ మధ్య వాడు ఏం బేరం చేశాడో చూడాలనిపించింది గానీ టైము లేదు.

అఫ్జల్‌గంజ్ దగ్గర రోడ్డు దాటడం నా వల్ల కాలేదు. ఇటు బస్సులు, అటు ఆటోలు, మధ్యలో తోపుడు బండ్లు. మా బాయి మీద దీపం అడ్డంగా ఊపితే ఆగమని అర్థం. పట్టాల మీద ఏ బొగ్గు టబ్బు వస్తున్నా ఆగిపోవాలి. చెయ్యి దానంతట అదే లేచి టార్చిని అడ్డంగా ఊపింది. నిజంగానే ఒక సిటీ బస్సు కీచుమని ఆగింది. దాని వెనక అన్నీ ఆగాయి. డ్రైవర్ తల బయటపెట్టి, "ఏందమ్మా, ఇది రైలనుకున్నవా?" అన్నాడు. నేను దర్జాగా దాటాను. నాతోపాటు నలుగురు ఆడవాళ్ళు దాటారు, ఒక మేక కూడా దాటింది.

నయాపూల్ మీద నిలబడి మూసీని చూశాను. గోదావరి ఒడ్డున పుట్టిన దాన్ని కదా, మర్యాద కోసం కాసేపు నిలబడి, ఏమీ అనకుండా వచ్చేశాను.

పత్తర్‌గట్టి దగ్గర ఇరానీ హోటల్ కనబడితే చాయ్ తాగాలనిపించింది. గల్లా దగ్గర కూర్చున్న పెద్దమనిషి, "అమ్మా, ఫ్యామిలీ సెక్షన్ అటు," అని చెయ్యి చూపించి, "ఫ్యామిలీ ఏదీ?" అన్నాడు. "స్టేషన్‌ల కూసున్నది," అన్నాను. చాయ్ వచ్చింది. ఇంతలో పక్క దుకాణం వాడు ఇనుప షట్టరును ధడేల్మని కిందికి గుంజాడు. మా దగ్గర మధ్యాహ్నం, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయితే గోడలు కదిలి కప్పు మీది మట్టి రాలుతుంది. ఆ చప్పుడు వినగానే తినేవాళ్ళు కంచం మీద చెయ్యి పెట్టుకుంటారు, అల్మారా దగ్గర ఉన్నవాళ్ళు గాజు గ్లాసులు పట్టుకుంటారు. నేను ఎడమ చెయ్యి నా చాయ్ మీద పెట్టి, కుడి చేత్తో పక్క బల్ల దగ్గర కూర్చున్న ఆమె చాయ్ కప్పును కూడా గట్టిగా పట్టుకున్నాను. ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. "తాగుతవా?" అని అడిగింది. మంచి మనిషి.

ఎట్టకేలకు చార్మినార్ చేరాను. మెట్లు ఇరుకుగా, గుండ్రంగా, చీకటిగా ఉన్నాయి. కింద కొంతమంది ఎక్కాలా వద్దా అని తచ్చాడుతున్నారు. ఆ రోజు మొదటిసారి బాపు టార్చి దీపంలా అక్కరకు వచ్చింది. "నా ఎనుక రాండ్రి," అని నేను ముందు నడిచాను. ఎవరో ఏమిటో తెలియని జనమంతా నా వెనక వరుసగా ఎక్కారు. నాకు ఎంత గర్వంగా ఉందంటే, మెట్టు మెట్టుకూ "తల భద్రం, తల భద్రం" అని అరిచాను.

పైకి చేరాక ఆ పెద్ద కమాను కింద నిలబడ్డాను. అంత కప్పు నేనెప్పుడూ చూడలేదు. కూర్చోవాలంటే మనసు ఒప్పుకోలేదు. అందేంత ఎత్తులో ఉన్న గోడ వంపును టార్చి వెనక భాగంతో టక్ టక్ మని కొట్టి, చెవి ఆనించి విన్నాను. మళ్ళీ ఒక అడుగు జరిగి కొట్టాను. కాపలా ఉన్న ముసలాయన పరుగెత్తుకొచ్చాడు.

"అరె, క్యా కర్రీ అమ్మా! బాద్‌షాల జమానా సంది నిలబడ్డది, నీ టార్చి దెబ్బకు పడాల్నా?"

"పడతదా లేదా అనే చూస్తున్న చాచా."

"పడతదా?"

"పడది. మంచి గట్టి చప్పుడొస్తున్నది. ఫికర్ చెయ్యకు."

ఆయన కాసేపు నన్ను పైకీ కిందికీ చూసి, "షుక్రియా," అన్నాడు. అప్పుడు కూర్చున్నాను. నాలుగు వైపులా పట్నం. ఎక్కడా ఒక్క పొగగొట్టం ఆనవాలు లేదు, సైరన్ లేదు. ఎటు పోయినా ఎవరూ అడగని ఊరు. నేను ఈ ఊర్లో ఉండాలి అని గట్టిగా అనిపించింది. కింద చూస్తే జనం, ఎవరి బిళ్ళా ఏ మేకు మీదా లేని జనం. హాయిగా ఉందనిపించింది.

వచ్చిన దారినే వాపసు నడిచాను. దారి పొడుగునా టైము అడుగుతూ, చివర్లో దాదాపు ఉరుకుతూ, చెప్పిన టైముకు ముందే నాంపల్లి చేరాను. గెలిచాను అనుకుంటూ బెంచీ దగ్గరికి పోయాను.

బాపు లేడు.

బెంచీ ఉంది, గొడుగు ఉంది. దాని చుట్టూ ఒక సామాన్ల గుట్ట ఉంది. ట్రంకు పెట్టెలు, మూటలు, ఒక కుట్టు మిషను, పంజరంలో చిలుక, బెంచీ చివర కూర్చుని కునుకుతున్న ఒక తాత. అన్నిటికీ సిగరెట్ పెట్టె అట్టముక్కలు దారంతో కట్టి ఉన్నాయి. తాతకు కూడా చొక్కా గుండీకి కట్టి ఉంది. వీటికి కాపలాగా బుర్ఖా వేసుకున్న ఒక పెద్దామె కూర్చుని తమలపాకు నములుతోంది.

"మీ అబ్బానా?" అంది నన్ను చూసి. "పొద్దున నేను నల్లా కాడికి పోతుంటె, నా మూట చూస్కో భాయ్ అన్న. సిగరెట్ డబ్బా చింపి సగం మూటకు కట్టిండు, సగం నా చేతికిచ్చిండు. అది చూసి అందరు తెచ్చి పెట్టిన్రు. గంట సేపు మస్తు చేసిండు. గప్పుడు ఉన్నట్టుండి, జర చూస్కో అక్కా, ఇప్పుడే వస్త అని పోయిండు. ఇంక రాలే."

గొడుగు కొక్కెం వైపు చూశాను. నా బిళ్ళ అక్కడ లేదు. బాపు తన బిళ్ళ అంటూ ఏదీ పెట్టి పోలేదు.

నాకు తిక్క రేగింది. జీవితమంతా నల్లా దగ్గరికి పోతే కూడా బిళ్ళ అడిగిన మనిషి, ఇంత పెద్ద పట్నంలో బిళ్ళ పెట్టకుండా పోతాడా? అన్నం పెట్టేది గోదావరి కాబట్టి సరిపోయింది గానీ, అని ఏదో అర్థం లేని తిట్టు తిట్టుకున్నాను. వెతకడానికి పోదామని రెండడుగులు వేశాను. పోతే ఇక్కడ ఎవరుంటారు? ఆయన వస్తే నేను ఉండను, నేను వస్తే ఆయన ఉండడు. లాంపు రూము మనిషి కిటికీ వదిలి పోకూడదు. వెనక్కి వచ్చి కూర్చున్నాను. పెద్దామె బండి వచ్చి ఆమె వెళ్ళిపోయింది.

సామాన్ల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అట్టముక్కకు అట్టముక్క కలిపి చూసి ఇచ్చాను. తాత కొడుకు వచ్చి, "నడువు నాయినా," అని చెయ్యి పట్టుకున్నాడు.

"చీటీ?" అన్నాను.

"ఏం చీటీ? మా నాయిన!"

"చీటీ లేకుంటె ఇయ్య. నువ్వు ఎవలో నాకేం తెలుసు?"

"అడుగు మా నాయిననే!"

తాతను లేపి అడిగాను. తాత కొడుకును కిందా మీదా చూసి, "చీటీ తియ్యరా," అన్నాడు. పాపం ఆయన జేబులన్నీ వెతికి చివరికి చెప్పులో నుంచి తీసి ఇచ్చాడు. తాతను అప్పగించాను.

ఆ తర్వాత బెంచీ ఖాళీ అయిపోయింది. గొడుగు ఒక్కటే మిగిలింది. ఖాళీ కొక్కెం. గేటు నుంచి వచ్చే ప్రతి మనిషిలో బాపు కుంటి నడక కోసం వెతుకుతున్నాను. కాలు నొప్పి ఉన్న మనిషి, పట్నం తెలియని మనిషి. ఇంత దాకా ఎప్పుడూ నేను పోయేదాన్ని, ఆయన కూర్చునేవాడు. కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. చదువూ వద్దు, హాస్టలూ వద్దు, ఆ కుంటి నడక గేట్లో కనబడితే చాలు అనుకున్నాను. అప్పుడు నేను నిజంగా ఏడ్చాను.

అదే టైములో బాపు వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి, చెప్పు తెగి, చెప్పు చేతిలో పట్టుకుని. నేను లేచి నిలబడి ఆయన ఎలా అరుస్తాడో అచ్చంగా అలాగే అరిచాను.

"బిళ్ళ పెట్టకుంట ఎటు పోయినవ్?"

బాపు తల వంచుకున్నాడు. "నీ ఎనుకనే వచ్చిన బిడ్డా."

గంట కూర్చున్నాడట. కొక్కేనికి ఊగుతున్న నా బిళ్ళను చూస్తూ ఉండలేకపోయాడట. తీసి జేబులో వేసుకుని బయలుదేరాడట. దారి ఎలా తెలిసిందంటే, దారి తప్పే అవకాశమే లేదు. "టార్చిలైటు పట్టుకున్న పిల్ల పోయిందా?" అని అడగడమే ఆలస్యం, ఆబిడ్స్ నుంచి చార్మినార్ దాకా అందరూ అటు అటు అని చెయ్యి చూపించారట. అరుగు దుకాణమాయన, హోటల్ గల్లా ఆయన, అందరూ. ఎక్కడికి పోయినా నేను అప్పుడే వెళ్ళిపోయానన్న మాటే. నేను వాపసు వచ్చేటప్పుడు ఆ జనంలో ఒకరికొకరం కనబడకుండానే దాటిపోయాం.

"చార్మినార్ మీద చాచా చెప్పిండు," అన్నాడు బాపు. "కప్పు కొట్టి చూసినవట?"

"చూసిన."

"ఎట్లున్నది?"

"గట్టిగున్నది."

బాపు చాలాసేపు తల ఊపాడు. జేబులో నుంచి బిళ్ళ తీశాడు. నేను టార్చి ఇచ్చాను, ఆయన బిళ్ళ ఇచ్చాడు.

"అయితె సదువుకో," అన్నాడు.

హాస్టల్‌కు పోయిన రోజు తలుపు వెనక మేకుకు నా బిళ్ళ తగిలించి పోయాను. దసరా సెలవులకు వాపసు వచ్చి, సంచి కూడా దించకుండా బిళ్ళ తీయబోతే, నా మేకుకు రెండు బిళ్ళలు ఉన్నాయి. ఒకటి నాది, ఇంకొకటి బాపుది. బాపేమో లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఇదేందవ్వా? బాపు ఇంట్లనే ఉన్నడు కదా?"

అవ్వ వంటింట్లో నుంచి విసుక్కుంది. "నువ్వు పోయిన్నాడు తగిలిచ్చిండు. తియ్యమంటె తియ్యడు. బిళ్ళ మేకు మీద ఉంటె మనిషి ఇంట్ల లేనట్టే కదా, నేను గూడ అప్పటి సంది చాయ్ పోస్తలేను. రోజూ హోటల్‌కు పోయి తాగొస్తుండు."

నేను రెండు బిళ్ళలూ తీసి గూట్లో వేశాను. మంచం మీద నుంచి బాపు, "ఇగ నాకు గూడ చాయ్ పొయ్యే," అని అవ్వను కేకేశాడు.